అమ్మాయి మోకాలి నొప్పి

మా అమ్మాయి గండం గట్టెక్కింది! గర్భాశయ ముఖద్వారంలో కాన్సర్‌కు ముందు దశలో ఉన్న కణాలను తీసేశారు. ఈరోజు పరీక్షలో ఇంకేమీ లేదని తేలింది. సంతోషం పట్టలేక ఆసుపత్రి వాచ్‌మన్‌ను కావలించుకున్నాను.

ఇన్నాళ్లూ ఆ అవయవం పేరెత్తడానికి సిగ్గుపడి, చుట్టాలందరికీ మోకాలి నొప్పని చెప్పుకొచ్చాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అంత తెలివి నాకెక్కడిది? మా చెల్లెలు నూనె సీసాతో దిగి, పిల్ల మోకాలు పట్టుకుని మర్దన మొదలుపెట్టింది. నా పరువు కాపాడాలని అమ్మాయి కుంటుతూ తిరిగింది. అదీ ఒక పూట కుడికాలు, ఒక పూట ఎడమకాలు.

"అసలిది ఎందుకొచ్చిందమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను.

"వైరస్ వల్ల పెద్దాయనా. చాలామందికి సోకుతుంది, దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠవేసి, కణాన్ని అదుపులో పెట్టే జన్యువుల నోరు నొక్కేస్తుంది. ఇక ఆ కణానికి అడ్డేముంది?"

"నోరు నొక్కడమంటే మా నాన్న కూడా వైరస్సే డాక్టర్‌గారూ," అంది అమ్మాయి.

నేను పడీపడీ నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు.

"మీ ఇంట్లో మిగతా ఆడవాళ్లు ఈ పరీక్ష చేయించుకున్నారా?"

ఎలా చేయించుకుంటారు? ఇలాంటిదొకటి ఉందని నేను తెలియనిస్తేగా.

ఇక సిగ్గు విడిచి, ఆ అవయవం పేరుతో సహా, పరీక్ష చేయించుకోమని నేను చెప్పాల్సినవాళ్లు: మా చెల్లెలు, దాని ఇద్దరు కూతుళ్లు, పెద్దకోడలు, చిన్నకోడలు, వదిన, వియ్యపురాలు. అందరికన్నా ముందు, నా మాట విని ఇన్నాళ్లూ నోరు మెదపని మా ఆవిడ.