పోలీసమ్మ మూట

"ఈ మూట నెత్తిన పెట్టుకో" అంది పోలీసమ్మ.

హన్మవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బోధన్ చెరుకు సీమలో ఆడ పోలీసును ఎవరూ చూడని కాలం అది. ఖాకీ చీర, నడుముకు బెల్టు, నెత్తిన టోపీ. పేరు తిరుపతమ్మ. వచ్చి పదిరోజులు కాలేదు, అప్పుడే పెత్తనం మరిగింది అనుకుంది హన్మవ్వ.

హన్మవ్వ చెరుకు కొట్టే కూలి. మేస్త్రి ఆత్మారాం చెయ్యి పట్టుకుంటే చెరుకు గడతో వీపు పగలగొట్టింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, తన చేతిగడియారం కాజేసిందని వాడు ఠాణాకెక్కాడు.

హన్మవ్వకు బేడీలేసి సంత నడుమ నుంచి కోర్టుకు నడిపించమని ఎస్సై హుకుం. కూలి ఆడవాళ్లకు బుద్ధి రావాలట.

సంతనిండా తెలిసిన మొఖాలే. దొంగ అని ఒక్కసారి చూశారంటే మళ్లీ ఎవరూ కోతకు పిలవరు. అయినా హన్మవ్వ తల దించలేదు. ఠాణా గడప దాటగానే చేతులు చాపింది.

"ఎయ్యి బేడీలు. తప్పు చేసినోనికి లేని సిగ్గు నాకెందుకు?"

తిరుపతమ్మ బేడీలు సంచిలో పడేసి, కోర్టు కాగితాల మూట చేతికిచ్చింది.

బేడీలేస్తే మూట మొయ్యలేనని ఆపింది కామోసు అనుకుంది హన్మవ్వ. ఆమెకు బేడీల కన్నా అదే ఎక్కువ మండింది.

"ఎట్టి చాకిరి దొరలతోనే పోయిందనుకున్న. మళ్ల నువ్వు తెచ్చినవా?"

"పది అడుగులు ఎనక రా" అని మాత్రం అంది తిరుపతమ్మ.

సంతలో అడుగు పెట్టగానే జనం విరగబడ్డారు. ఏ నాటకం కంపెనీ అని ఒకడు అడిగాడు. ఇంకొకడు ఈల వేశాడు. ఉల్లిగడ్డల మరాఠీ సేటు దుకాణం వదిలి పెళ్లాన్ని పిలుచుకొచ్చాడు. తిరుపతమ్మ టోపీ సర్దుకుని, సరిగ్గా సంత నడుమ నుంచి, నింపాదిగా నడిచింది.

ఎంత టెక్కు అనుకుంటూ హన్మవ్వ దారి పొడుగునా తిట్టింది. కోర్టు మెట్ల మీద మూట దబ్బున పడేసింది.

"నీ నౌకరి మీద మన్నువడ."

తిరుపతమ్మ మూట తీసుకుని మెట్లెక్కింది.

కేసు నిలవలేదు. గడియారం ఆత్మారాం బావమరిది చేతికే ఉండగా దొరికింది.

వారం తర్వాత సంతలో కూలీలను కుదిర్చే ముత్తవ్వ కలిసింది.

"మొన్న పోలీసమ్మ మూట మోస్తుంటివి, మంచిగనే కూలి దొరికిందా? రేపటి నుంచి కోతకు రా."

అప్పుడు గాని హన్మవ్వకు వెలగలేదు. ముత్తవ్వ చూసింది కూలినే, దొంగను కాదు. ఆ రోజు సంతలో తనను ఎవరూ దొంగగా చూడకుండా చూపులన్నీ పోలీసమ్మ తన మీదికి లాక్కుంది. ఎంత మాటన్నాను తల్లీ అనుకుంటూ ఠాణాకు పరుగెత్తింది.

ఠాణాలో రాతపని చూసే కాశయ్య ఒక్కడే ఉన్నాడు.

"ఇంకెక్కడి తిరుపతమ్మ? బేడీలు ఎయ్యలేదని తీసేసిండ్రు. నిన్ననే ఊరిడిసి పోయింది."

బతుకులో అబద్ధమాడని హన్మవ్వ బల్ల మీద చెయ్యి వేసి చెప్పింది.

"ఏసింది. నేను ఒట్టు పెట్టి చెప్త, రాసుకో."

కాశయ్య తల అడ్డంగా ఊపాడు.

"మరిచిపోయినని ఒక్క ముక్క రాసియ్యి, నౌకరి నిలవడతదని ఎస్సై సాబే ఆమెకు చెప్పిండు. 'మరిచిపోలేదు, వెయ్యలేదు' అని రాసి సంతకం పెట్టింది."