ఎడారి చూసొచ్చిన ఎలీసమ్మ

“రేపు ఆదివారం ప్రభువు బల్లకి నువ్వు రావద్దప్పా! నీకు రొట్టె ఇవ్వను, రసం ఇవ్వను!”

పరంజ్యోతి పాస్టరు అరిచిన అరుపుకి చూరు మీది కాకులు బొబ్బిలి దాటాక గానీ వాలలేదు.

నెల్లాళ్లు ఒంటరిగా దేశం తిరిగి, అప్పుడే బస్సు దిగొచ్చిన అక్క ఎలీసమ్మ తాపీగా కాళ్లు కడుక్కుంది. “నాను సేసిన పాపమేటిరా?”

“యాభయ్యేళ్ల ఆడకూతురివి! ఢిల్లీ అట, జైపూరట, ఆ పైన ఎడారట! మూడో తరగతి రైలుపెట్టెల్లో మగోళ్ల మజ్జిన కూకున్నావట! సంతలో గేదెలు కూడా నన్ను సూసి నవ్వుతన్నాయి!”

“అటుకులు తిన్నాను, సత్రం అరుగు మీద తొంగున్నాను. ఎవుల సొమ్మూ తిన్నేదు.”

“అసలెందుకెల్నావు?”

“ఆదివారం బడిలో ఇశ్రాయేలీయులు ఎడారిలో నలబయ్యేళ్లు తిరిగిన కత సెప్పినాను. ‘ఇసక రాత్రి కూడా కాల్తాదా?’ అని పిల్లలడిగినారు. కాల్తాదన్నాను. నువ్వూ ముప్పయ్యేళ్లుగా చర్చిలో అదే సెప్తన్నావు.”

“అయితే?”

“అబద్ధంరా తమ్ముడా. రాత్రి ఆ ఇసక నూతినీళ్లలాగ సల్లగా ఉంటాది. పళ్లు కొట్టుకున్నాయి నాకు. పిల్లలకి తప్పు దిద్దుతాను, ఆపైన బల్లకి రానిస్తావో లేదో నీ ఇష్టం.”

పరంజ్యోతి విసురుగా వీధిలోకి నడవబోయాడు. ముప్పయ్యేళ్లుగా తను కాల్చిన రాత్రులన్నీ ఒక్కసారి చల్లబడ్డట్టయి, గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కొచ్చి, పీట లాక్కుని కూర్చున్నాడు.

“పగలైనా కాల్తాదా, లేదా?” అన్నాడు కోపంగానే. “సరిగ్గా సెప్పు. రేపు నువ్వు బల్లకొచ్చినప్పుడు సంఘం పెద్దలడిగితే నాను తడుముకోకూడదు!”