మీసాల దాతగారు

“ఇంకా చూస్తావేంటయ్యా, దింపెయ్,” అంది లైబ్రేరియన్.

నిచ్చెన మీదున్న అటెండరు, మరోసారి ఆలోచించుకోమన్నట్టు కిందికి చూశాడు. అతని చేతిలో ఉన్నది యూనివర్సిటీ గ్రంథాలయపు తొలి దాత ఫొటో. కోటు, టోపీ, చెవులదాకా పాకిన మీసాలు. పరీక్షల ముందు విద్యార్థులు ఆ మీసాలకి ఓ నమస్కారం పడేసి మరీ వెళ్లేవారు. కింద రాతిపలక మీద ‘దాతగారు తమ పుస్తకాలన్నీ ఇచ్చారు’ అని ఉంది. ఆ ‘గారు’ ఆడో మగో అడగాలని ఎవరికీ తోచలేదు. పైన అంతేసి మీసాలుంటే ఎందుకు తోస్తుంది?

దాతగారి మనవరాలు ఈమధ్యే ఫోన్ చేసి, ఆ పుస్తకాలిచ్చింది మా నాయనమ్మ అని చెప్పింది. ఫొటో సంగతి కూడా ఏదో చెప్పబోయింది కానీ, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం లైబ్రేరియన్‌కి చేతకాని పని. నాకంతా అర్థమైపోయిందండీ అని ఫోన్ పెట్టేసింది.

ఆ హాలు గోడల మీద ఒక్క ఆడమనిషి మొహమైనా లేదని ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఆమెకి కడుపుమంట. ఇప్పుడది భగ్గుమంది. పెళ్లాం పుస్తకాలిస్తే మొగుడొచ్చి గోడెక్కి కూర్చున్నాడా? ఆడవాళ్లని గుమ్మంలోకే రానివ్వని కాలంలో అంత దానం చేసిన మనిషికి ఇదా మర్యాద అని వైస్ ఛాన్సలర్‌ని చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయన తల పట్టుకుని ఓ షరతు మీద ఒప్పుకున్నాడు. మనవరాలు చూసి సరేనంటే కొత్త బొమ్మ ఉంటుంది. కాదంటే మీసాలాయన మళ్లీ గోడెక్కుతాడు, ఇంకెప్పుడూ ఈ ఊసెత్తకూడదు.

చిత్రకారుడు చకచకా ఓ బొమ్మ వేసిచ్చాడు. తలవంచుకుని పుస్తకం చదువుకుంటున్న ఇల్లాలు. ఆవిడ పేజీ తిప్పడానికి కూడా ఎవరినో అనుమతి అడిగేలా ఉంది.

ఆవిష్కరణకి మనవరాలు రానే వచ్చింది. తల ముగ్గుబుట్టైనా గొంతు కంచులా ఉంది. తెర తొలగించగానే కళ్లజోడు సవరించుకుని, ఈవిడెవరని అడిగింది. లైబ్రేరియన్ గబగబా ముందుకొచ్చింది. వైస్ ఛాన్సలర్ అప్పుడే అటెండరుకి నిచ్చెన తెమ్మని సైగ చేస్తున్నాడు.

“మీ నాయనమ్మగారేనండీ. ఫొటో లేక ఊహించి వేయించాం. మీ తాతగారి ఫొటో స్టోర్‌రూములో భద్రంగా ఉంది.”

“మా తాతయ్యదా? పుస్తకం చూస్తేనే ఆవలించేవాడాయన. ఇటువైపు ఎందుకొస్తాడు? రోజూ ఈ హాల్లో కూర్చుని చదువుకున్నది మా నాయనమ్మ.”

“అదెలాగండీ? ఆడవాళ్లని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు కదా.”

ముసలామె ముసిముసిగా నవ్వింది. లైబ్రేరియన్ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని, ఎదుటిమనిషి జవాబు కోసం ఎదురుచూసింది.

“ఆ ఫొటోలోవి పెట్టుడు మీసాలమ్మా.”