రోజుకొకటి

"ఈ మాత్రలు ఇవ్వలేనండి," అంటూ కొత్త ఫార్మసిస్టు అద్దం కింది సందులోంచి చీటీ బయటికి జరిపింది.

చీటీ అంతే వేగంగా లోపలికి వచ్చింది. అవతల నిలబడ్డది బస్సు డ్రైవరు. ఒంటి మీద యూనిఫాం ఉంది. రెండింటికి డ్యూటీ ఎక్కాలి.

"స్టాకు లేదా?"

"ఉంది."

"మరేంటి?"

"ఇది కీళ్ళవాతానికిచ్చే మందండి. వారంలో ఒక్క రోజే వేసుకోవాలి. ఇక్కడ రోజుకొకటి అని రాసుంది. డాక్టరుగారిని అడిగి ఇస్తాను."

"పెద్ద డాక్టరు రాశారమ్మా. ఆయనకి తెలీదా ఏంటి?"

అతని తల్లి వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. బట్టలు కుట్టి బతికిన మనిషి. వేళ్ళ కణుపులు వాచిపోయి, ఆర్నెల్లుగా సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. "అడగనీరా, నాకేం తొందర?" అంది.

"నీకు లేదే అమ్మా. నా బస్సుకుంది."

ఫార్మసిస్టు ఫోన్ ఎత్తింది. పై అంతస్తులో నర్సు పలికింది. లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, "రాసింది రాసినట్టు ఇవ్వమన్నారు," అంది.

"ఒక్కసారి చీటీ చూసి చెప్పమనండి."

"నువ్వు చేరి ఎన్నాళ్ళయింది?" అని ఫోన్ పెట్టేసింది నర్సు.

ఐదు రోజులయింది. కాలేజీ వాళ్ళు పట్టా ఇచ్చి ఇంకా రెండు నెలలు నిండలేదు.

క్యూలో సణుగుడు మొదలయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఫార్మసీ ఇన్‌చార్జి బల్ల దగ్గర రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. తల నెరిసిన మనిషి. చేతిలో కలం ఉంది కానీ కదలడం లేదు. తలెత్తలేదు కూడా. ఈయన్ని నమ్ముకుని లాభం లేదనుకుందామె.

మాత్రలిచ్చేసి, వారానికొకటే వేసుకోండని నోటితో చెప్తే? ఇంటికెళ్ళాక వాళ్ళు ఎవరి మాట వింటారు? సంతకం ఉన్న చీటీ మాటా, అద్దం వెనక పిల్ల మాటా?

"సరే, ఆ చీటీ ఇటివ్వండి. పక్క వీధి షాపులో కొనుక్కుంటాను," అన్నాడు డ్రైవరు.

ఆమె చీటీ మీద అరచెయ్యి వేసింది. "ఇది కూడా ఇవ్వనండి."

డ్రైవరు వెనకున్నాయన అరుపందుకున్నాడు. దాంతో క్యూ అంతా ఒక్కసారి గొంతు పెంచింది. ఆ గోల పైకి చేరిందో, నర్సు చెప్పిందో గానీ, పెద్ద డాక్టరే మెట్లు దిగి వచ్చాడు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"ఎవరు నా మందు ఆపింది?"

"నేనేనండి."

"ఇరవై ఆరేళ్ళ నుంచి రాస్తున్నాను ఈ మందు."

"అందుకే మిమ్మల్నే చూడమంటున్నానండి."

డాక్టరు ఆమెని వదిలేసి లోపలికి చూశాడు. "ఏమయ్యా, నువ్వయినా లేచి ఇవ్వు."

ఇన్‌చార్జి లేవలేదు. "కౌంటరు ఆ అమ్మాయిదండి," అని మళ్ళీ రిజిస్టరులోకి వంగాడు.

ఆమె చెయ్యి తియ్యలేదు. ముసలామెకి వినబడకుండా అద్దానికి దగ్గరగా వంగి చెప్పింది. "నెలకి సరిపడా రాశారండి. రోజూ వేసుకుంటే రెండు వారాలు తిరక్కుండానే నోరంతా పుళ్ళు పడుతుంది. తర్వాత రక్తకణాలు పడిపోతాయి. ఆవిడకి డెబ్భై ఏళ్ళు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే, మీరు చదవకుండా నేనివ్వను."

అప్పుడు చీటీ జరిపింది.

డాక్టరు విసురుగా అందుకున్నాడు. చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. ఆయన జేబులోంచి కలం తీసి ఒక మాట కొట్టేశాడు. దాని పక్కన 'వారానికి ఒకటి, ఆదివారం మాత్రమే' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత వెళ్ళి బెంచీ మీద ముసలామె పక్కనే కూర్చున్నాడు.

"అమ్మా, ఆదివారం ఒక్కటే. మరిచిపోయి కూడా ఇంకోటి వేసుకోవద్దు."

పైకి వెళ్ళబోతూ కౌంటరు దగ్గర ఆగాడు. "ఆర్నెల్లు ప్రొబేషన్ కదా నీకు? ఆ ప్రొబేషన్ నీకు అక్కర్లేదని ఇవాళే రాసి పంపిస్తాను."

డ్రైవరు మందు తీసుకుని, తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకెళ్ళాడు. రెండు ఎప్పుడో దాటింది.

క్యూ అయిపోయాక ఆమె కౌంటరుకి ఆనుకుని నిలబడింది. ఇన్‌చార్జి కుర్చీ తెచ్చి వేశాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. ఆమె తాగింది గానీ కోపం దిగలేదు.

"మీకు ముందే తెలుసు కదా సార్, అది తప్పని."

"తెలుసమ్మా. చీటీ కిటికీలోకి రాగానే నాకు కనబడింది."

"మరి ఒక్క మాటైనా సాయం రాలేదేం?"

"నువ్వు చెయ్యి తీస్తే లేచి నా చెయ్యి పెడదామనే కూర్చున్నాను. నువ్వు తియ్యలేదు."

ఆమె కోపం సగం చల్లారింది. "మీరు కొత్తలో ఉన్నప్పుడు ఇలాంటి చీటీ ఎప్పుడైనా వచ్చిందా సార్?"

"వచ్చింది. ఇదే మందు, రోజుకొకటని. అప్పుడూ ఒక కొడుకే వచ్చాడు, తల్లి కోసం. డాక్టరు ఇలాగే అరిచాడు."

"మీరేం చేశారు?"

ఆయన ఖాళీ గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇచ్చేశాను."