గాలి తగలనివ్వని కట్టు

జ్వరం చూడాలి, సెలైన్ మార్చాలి, తోటమాలి కాలి కట్టు విప్పి గాయం కడగాలి. ఆ రాత్రి నర్సుకు మొదటి రెండు పనులూ అయ్యాయి. మూడోదానికి తోటమాలి వాళ్లన్న అడ్డంగా కూర్చున్నాడు. మట్టి అంటిన పార దిగిన తమ్ముడి పిక్కకు ప్లాస్టిక్ చుట్టి బిగించింది ఆయనే.

"విప్పితే గాలి తగిలి చీము పడుతుంది. నిన్నగాక మొన్న చదువుకొచ్చి మాకు చెప్తావా?"

"గాలి తగలకపోతేనే పెరిగే క్రిములు మట్టిలో ఉంటాయండీ."

"ఉంటాయి, నీ పుస్తకంలో."

ఆమె కట్టుకు ఎగువన చర్మం మీద వేలితో నొక్కింది. లోపల పొడి ఇసుక నలిగినట్టు చిటపటమంది. ఆ క్రిములు కండలో పుట్టించే గ్యాసు చప్పుడది.

"మంచం చప్పుడు," అన్నాడు అన్న.

ఆమె పరుగున వెళ్లి డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే విప్పమని, తాను బయల్దేరుతున్నానని అన్నాడాయన. తిరిగొచ్చి చూస్తే, చిటపట మోకాలు దాటేసింది.

"విప్పనీ అన్నా," అన్నాడు తోటమాలి. "లోపల ఎవరో నడుస్తున్నట్టుంది."

ఆమె కత్తెర అందుకుంది. అన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆయన రెండో చెయ్యి తమ్ముడి తొడ మీద ఆనింది. అరచేతి కింద చిటపటమంది. ఆయనా విన్నాడు. పట్టు మాత్రం వదల్లేదు.

డాక్టరు ఇంకా దారిలో ఉండగానే తమ్ముడి ఊపిరి ఆగిపోయింది. ఇది చదివిన మీరు మాత్రం, గొంతు పెగిలినంతసేపూ "విప్పనీ అన్నా" అని బతిమాలిన ఆ తమ్ముణ్ని గుర్తుపెట్టుకోండి.