పచ్చ దీపం

ఇప్పుడు ఊళ్లో అందరి మణికట్టుకీ ధ్యాస పట్టీ ఉంటుంది. చేస్తున్న పని మీద మనసుంటే దాని దీపం పచ్చగా వెలుగుతుంది. మనసు పక్కకి పోతే ఎర్రబడి, సూదిలా పొడుస్తుంది. దీంతో ఇళ్లన్నీ శాంతిగా ఉంటాయని చెప్పి మరీ పంచారు.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు దగ్గర నాది ఎర్రబడింది. ఉప్పు రెండుసార్లు వేశాను.

మొదటి ముద్దకే నా మొగుడు సింహాచలం కంచం విసిరేశాడు. "ఎవడ్ని తలుచుకుంటన్నావే?" అంటూ జుట్టు పట్టుకుని నా తల గోడకేసి కొట్టాడు.

తన్నులు తినేటప్పుడు నేను కళ్లు మూసుకుని, చిన్నప్పుడు గవ్వలేరుకున్న భీమిలి ఒడ్డుకి మనసుని పంపేస్తాను. పదకొండేళ్లు అలాగే బతికాను. ఈసారి ఒడ్డు చేరేలోపే పట్టీ పొడిచింది. మళ్లీ వెళ్లబోతే మళ్లీ పొడిచింది. ఇక చేసేది లేక కళ్లు తెరిచి, పడుతున్న దెబ్బలన్నీ చూశాను. పెదవి చిట్లింది. పన్ను ఊడింది. అతని చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ చూశాను.

అలసిపోయాక, ఎప్పటిలాగే పక్కన కూలబడి ఏడ్చాడు. "కోపంలో ఒళ్లు తెలీలేదే. కావాలని కొట్టలేదే."

ఇన్నేళ్లూ ఆ మాట నమ్మే క్షమించాను.

నోట్లో నెత్తురు ఉమ్మేసి, "నీ పట్టీ ఒక్కసారి కూడా ఎర్రబడలేదు," అన్నాను.

అతను మణికట్టు వెనక్కి దాచుకున్నాడు. మసాలా నూరిన పొత్రం చేతికందింది. రెండు చేతులతో పైకెత్తాను. నా దీపం పచ్చగా వెలుగుతోంది.