తారీఖు పడని పాసు

"ముద్రేదే?"

రైలు అప్పటికే ఊరు దాటింది. పిన్ని మూడు రైలు పాసుల్నీ వెనక్కీ ముందుకీ తిప్పి, కళ్ళజోడు పైకెత్తి మరీ వెతికింది. ఒంటిమాట కిటికీలోంచి బయటికి చూడసాగింది, ముద్ర అక్కడెక్కడో పొలాల్లో పడి ఉన్నట్టు.

ఒంటిమాట అంటే పిన్నికి అక్క కూతురు. ఎంత పెద్ద వాక్యం సిద్ధం చేసుకున్నా, కొత్తవాళ్ళ ముందు ఆ పిల్ల నోట్లోంచి మొదటి మాటే వస్తుంది. తక్కినవి గొంతులో వరసకట్టి నిలబడిపోతాయి. పల్లెటూరి బడిలో ఉపన్యాసాల పోటీకి వేదిక ఎక్కి "గౌరవనీయులైన" అని ఆగిపోయిన రోజున ఆ పేరు పడింది. ఇదంతా తెలిసీ పిన్నీ బాబాయీ ఆమెను ఈ పరాయి దేశానికి వెంటపెట్టుకొచ్చారు. కారణం, ఇంగ్లీషులో ఎప్పుడూ క్లాసు ఫస్టే. రాతపరీక్షలో.

"పొద్దున్న కౌంటర్ దగ్గరికి పంపితే వచ్చి తల ఊపావుగా?" అన్నాడు బాబాయి.

"ఊపాను."

"ముద్ర వేయించావనుకున్నాం!"

"వెళ్ళొచ్చానని ఊపాను."

అబద్ధమేం కాదు. వెళ్ళింది, వరసలో నిలబడింది. తన వంతు వచ్చినప్పుడల్లా పక్కకు జరిగి వెనకున్నవాళ్ళకి దారిచ్చింది. అంతటి మర్యాదస్థురాలిని ఆ స్టేషన్ అంతకుముందు చూసి ఉండదు. ఆ మర్యాద సాగుతుండగానే రైలు వేళయింది.

పిన్ని పాసు వెనకున్న చిన్న అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది. "మొదటి రైలెక్కే ముందే తారీఖు ముద్ర వేయించుకోవాలట. లేకపోతే టికెట్ లేనట్టేనట. పాసులు లాక్కుని దారిలో దింపేస్తారట."

"మన ఊళ్ళోనే కొనుక్కోవాలి, ఆ దేశం వెళ్ళాక దొరకదు అంటే పరిగెత్తుకెళ్ళి కొన్నాను," అన్నాడు బాబాయి. "ఎన్ని రైళ్ళయినా ఎక్కొచ్చన్నాడు ఏజెంటు. దింపడం సంగతి వాడు చెప్పలేదే!"

ఈ రైలు మంచుకొండ దాకా వెళుతుంది. పెళ్ళయిన కొత్తలో క్యాలెండర్ బొమ్మలో చూసిన దగ్గర్నుంచీ మంచు మీద అడుగు పెట్టాలని పిన్ని కోరిక. ఒక్క ముద్ర పడక ఆ కోరిక కాస్తా దారిలో దిగిపోయేలా ఉంది. అందుకే ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఒంటిమాటకు కాస్త నయంగా ఉండేది.

"ఇంకో ముక్క ఉంది," అంది పిన్ని ఉన్నట్టుండి. "మర్చిపోయినవాళ్ళు, టీసీ తమ దగ్గరికి రాకముందే తామే ఆయన దగ్గరికి వెళ్ళి చెబితే, తారీఖు ఆయనే రాసిస్తాడట."

"అంటే ఆయన వచ్చాక చెబితే దొంగలం, మనమే వెళ్ళి చెబితే దొరలం," అన్నాడు బాబాయి.

ఇద్దరూ ఒంటిమాట వైపు చూశారు.

"నేనా?"

"మరి మీ బాబాయా? ఆయన ఇంగ్లీషు వింటే రైలు ఆపి మరీ దింపుతారు. లే తల్లీ. పెట్టెల మధ్య చలి, కోటు గుండీలు పెట్టుకో."

ఆ కోటు నిన్న పాతబట్టల దుకాణంలో కొన్నది. ముదురు నీలం రంగు, రెండు వరసల ఇత్తడి గుండీలు, దానికి జోడు టోపీ. తొడుక్కోగానే బాబాయి, "బ్యాండుమేళంలోంచి తప్పిపోయి వచ్చినట్టున్నావే," అన్నాడు. ఇప్పుడు పిన్ని ఆ కోటు మీదే తోలుసంచీ అడ్డంగా తగిలించి, పాసులు అందులో పెట్టి, చేతికి పెన్ను కూడా ఇచ్చింది. "ఆయన దగ్గర ఉంటుందో ఉండదో."

ఒంటిమాట బయల్దేరింది. టికెట్ కలెక్టర్ గారు ఏ పెట్టెలో ఉన్నారండీ అన్నదాన్ని ఇంగ్లీషులో మనసులో వల్లె వేసుకుంది. ఎలాగూ మొదటి మాటే వస్తుంది కాబట్టి అసలు సంగతినే ముందు పెట్టుకుంది. తన తెలివికి తనే మురిసిపోయింది.

పక్క పెట్టెలో ఎదుటి సీటు మీద కాళ్ళు చాపుకున్న ఒకతను ఆమెను చూసి చటుక్కున కాళ్ళు దించాడు. ఒక తల్లి పక్కసీట్లో ఉన్న బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. గలగలా నవ్వుతున్న ఇద్దరమ్మాయిలు నోళ్ళు మూసుకున్నారు.

'తెలిసిపోయింది. దొంగ మొహం దాచినా దాగదు,' అనుకుంది ఒంటిమాట.

ఆ తర్వాతి పెట్టెలో ఒక కుర్రాడు ఆమెతో చూపు కలవగానే లేచి, మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకున్నాడు. అంతదాకా పేపరు చదువుతున్నాయన కళ్ళు మూసుకుని గురక మొదలుపెట్టాడు. 'ఇంత భయంకరంగా ఉంటానని మా ఊళ్ళో ఒక్కరూ చెప్పలేదే,' అనుకుని టోపీ సర్దుకుంది. దాంతో ఇంకో ఇద్దరు తలలు దించుకున్నారు.

పెట్టెలన్నీ వెతికినా టీసీ లేడు. చిట్టచివరి పెట్టె వచ్చేసింది. ఇక అడగక తప్పదు. వెనక్కి తిరుగుదామా అనుకుంటే పిన్ని తిట్టకుండా చూసిన చూపు గుర్తొచ్చింది.

తలుపు పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మెత్తని మనిషిలా కనిపించాడు. ఒంటిమాట ఆయన ఎదుట ఆగింది. బడి వేదిక మీద నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది. పెన్ను గట్టిగా పట్టుకుంది. పెట్టెలో మాటలన్నీ ఆగిపోయాయి.

"టికెట్..." అంది. అంతే. తక్కిన మాటలు గొంతులో వరసకట్టి నిలబడిపోయాయి.

ముసలాయన తన టికెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.